నల్ల చిప్ప

వాళ్లు ఇంకా మెట్లు దిగుతూనే ఉన్నారు. చెక్క మెట్ల మీద రబ్బరు చెప్పుల చప్పుడు, ఎవరిదో పొడి దగ్గు, కింద రేవులో క్రేన్ మూలుగు పై గదిలోకి వినిపిస్తూనే ఉన్నాయి. అప్పటికే కెలెరా ముందున్న తెర మీద మీటింగ్ మొత్తం రాతకెక్కి కూర్చుంది. సరుకు లెక్క ఇప్పుడు ఎలా సాగుతోంది, ఇక మీదట ఎలా సాగాలి, కంప్యూటర్‌లో ఏమేం మార్చాలి, ఎవరి పని తీసేయాలి, అంతా గీతలతో, బాణం గుర్తులతో, వేలు పెట్టి తప్పు చూపడానికి వీల్లేని భాషలో ఉంది. ఆమె కప్పులో నిమ్మాకు టీ ఇంకా పొగలు కక్కుతోంది.

చివరి పేజీలో ఒక చిన్న పెట్టె గీసి ఉంది.

"సిబ్బంది అభ్యంతరాలు: లేవు. అందరికీ సమ్మతమే."

కెలెరా తల తిప్పి చాపల కేసి చూసింది. వాలు బే రేవులో సరుకు లెక్క రాసే గుమాస్తాలు ఇప్పటిదాకా ఆ చాపల మీదే కూర్చున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. మోకాళ్లు ముడుచుకుని, తలలు దించుకుని, చాప అల్లికలో ఊడిన పోగుల్ని వేళ్లతో మళ్లీ లోపలికి దూరుస్తూ ఉండిపోయారు. వాళ్లు చాపతో పని పెట్టుకున్నారంటే లోపల ఏదో రగులుతున్నదని ఆమెకు తెలుసు. అది తెలుసుకోవడమే ఇన్నేళ్లుగా ఆమె ఉద్యోగం.

చాపల మధ్యలో నల్లటి గుండ్రటి పరికరం ఒకటి బోర్లించినట్టు ఉంది. వేరు దంచి నీళ్లలో కలిపిన యాంగోనా తాగే కొబ్బరి చిప్ప అంత ఉంటుంది. అంచున పచ్చ దీపం. మాట వినపడితే ఆ దీపం అదురుతుంది. లేకపోతే కదలకుండా వెలుగుతుంది. దానికి కంపెనీ పెట్టిన పేరు వేరే ఉంది. రేవులో అందరూ నల్ల చిప్ప అనే అంటారు.

కెలెరా బిజినెస్ అనలిస్ట్. అంటే ఏమిటని వాళ్లమ్మ అడిగినప్పుడల్లా ఒక్కోసారి ఒక్కోలా చెప్పేది. పని చేసేవాళ్ల దగ్గర కూర్చోవాలి. పని ఎలా జరుగుతోందో అడగాలి. ఎక్కడ నొప్పి ఉందో కనిపెట్టాలి. దాన్ని కంప్యూటర్లు చేసేవాళ్లకూ డబ్బు పెట్టేవాళ్లకూ అర్థమయ్యేట్టు రాసిపెట్టాలి. అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసే పని. ఈ ఓడల కంపెనీలో ఆ పనికి నలుగురుండేవాళ్లు. ఒక మార్పు గురించి కాగితం తయారు కావడానికి నెలన్నర పట్టేది. అందులో సగం రోజులు రాసినవి కావు, కూర్చున్నవి. మీటింగ్ అయ్యాక ఎండుకొబ్బరి ఉంచే కొప్రా షెడ్డు వెనక యాంగోనా గిన్నె చుట్టూ కూర్చుంటే, చీకటి పడేవేళకు అసలు మాట బయటికొచ్చేది.

కంపెనీని సముద్రం అవతలి ఆక్లండ్ వాళ్లు కొన్నాక నల్ల చిప్ప వచ్చింది. మొదట సాయానికన్నారు. నోట్సు రాసే బాధ తప్పుతుందన్నారు. నలుగురూ సంతోషించారు. తాము రాసిన పాత రిపోర్టులన్నీ దానికి తినిపించారు, అది తప్పు రాసినచోట దిద్దారు, దిద్దిన కొద్దీ అది నేర్చుకుంది. వానలు వెనకబట్టేసరికి మూడు కుర్చీలు ఖాళీ అయ్యాయి. కెలెరా మిగిలింది. ఆమెను ఎందుకుంచారో ఆమెకే అంతుపట్టలేదు. మూడు నెలలకోసారి కొత్త ఉద్యోగ కాగితం ఇస్తున్నారు, అంతే.

ఆమె పెట్టె కింద ఒక వాక్యం టైపు చేసింది. 'గుమాస్తాలకు ఈ మార్పు ఇష్టం లేదు. పని గంటలు పోతాయని భయపడుతున్నారు.'

తెర మీద వెంటనే జవాబు వచ్చింది. "ఈ వాక్యానికి రికార్డులో ఆధారం లేదు. రచయిత ఊహగా భావించి తొలగించడమైనది."

మళ్లీ రాసింది. మళ్లీ తీసేసింది. మూడోసారి వేళ్లు మీటల మీద ఆడుతుండగా, ఇందాక గుమాస్తాలతో మీటింగ్ నడిపిన రాతూ మనోవా మళ్లీ లోపలికి వచ్చాడు.

ఆయన రేవు మేనేజర్. అంతకుముందే పెద్దింటి బిడ్డ, రాతూ అన్న పిలుపు అందుకే. కెలెరా వాళ్ల దీవిలో ఆయన తాత మాట ఇప్పటికీ చట్టమే. లుంగీలాంటి, జేబులున్న బూడిదరంగు సులు కట్టుకుని, మెడలో కంపెనీ కార్డు వేసుకుని, ఆయన గది మధ్యకొచ్చి, మీటింగ్‌లో లాగే చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇక కెలెరా కుర్చీలో ఉండటానికి లేదు. దిగి, ఆయనకు కాస్త ఎడంగా, కాళ్లు ఒక పక్కకు మడిచి చాప అంచున కూర్చుంది.

"అయిందామ్మా?"

"అయింది రాతూ. అదే చేసేసింది."

"శుక్రవారం ఆఖరి మీటింగ్. ఆక్లండ్ వాళ్లు తెర మీద చూస్తారు. ఇదంతా అది చదివి వినిపిస్తుంది. ఎవరికైనా అభ్యంతరమా అని అడుగుతుంది. ఆ తర్వాత నిన్నడుగుతుంది."

"నన్నేమని?"

"పనివాళ్లను నువ్వు అడిగి తెలుసుకున్నావా, వాళ్లు ఒప్పుకున్న మాట నిజమేనా అని. అప్పిచ్చే బ్యాంకుకి యంత్రం మాట ఒక్కటే చాలదంట. ఒక మనిషి పేరు కావాలంట."

ఆమెను ఎందుకుంచారో అప్పుడు అర్థమైంది.

"నేనేం చెప్పాలి?"

"ఏం చెప్పక్కర్లేదు. కాసేపు చూస్తుంది. నువ్వు ఊరుకుంటే సరేనన్నట్టు రాసుకుంటుంది."

కెలెరా చూపు చాప మీదికి దిగింది. "రాతూ, వాళ్లకిది ఇష్టం లేదు."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అందుకే చెప్తున్నా."

రాతూ మనోవా నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, అలసట ఉంది. "నాకు తెలీదనుకున్నావా? నేనూ అక్కడ పుట్టినవాణ్నే కదా. ఆక్లండ్ వాళ్లు వేరే ఎవర్నీ పంపకుండా నన్నే ఎందుకు మాట్లాడమన్నారనుకుంటున్నావు?" గోడకున్న ఓడల పట్టీ కేసి కాసేపు చూశాడు. "నా చేతుల్లో ఏముందే. నాకూ మూడు నెలల కాగితమే." లేస్తూ అన్నాడు, "నీది ఈసారి ఏడాదికి రాయించాను. శుక్రవారం మీటింగ్ కాగానే సంతకం పెడతా. మీ అమ్మనడిగానని చెప్పు. తుపానప్పుడు మేమిచ్చిన కలప ఇంకా గట్టిగానే ఉందా?"

"ఉంది రాతూ."

ఆయన వెళ్లాక చూసుకుంటే, ఆమె వేళ్లు చాపలో ఊడిన పోగునొకదాన్ని లోపలికి దూరుస్తున్నాయి.

మధ్యాహ్నం రేవు గేటు బయట శలేష్ని బండి దగ్గరికి వెళ్లింది. గొడుగు కింద స్టవ్వు, రోటీల గుడ్డ మూట, రెండు బకెట్లు. నిరుడు ఇదే రోజుల్లో శలేష్ని పై గదిలో కెలెరా పక్క కుర్చీలో ఉండేది. పని సాగే తీరును గీతల్లో పెట్టడంలో ఆ నలుగురిలో ఆమె చెయ్యే చెయ్యి.

"ఏంటి దీదీ, మొహం అలా వేలాడేసుకొచ్చావు? చిప్ప కరిచిందా?"

"శుక్రవారం నన్ను నోరు మూసుకుని కూచోమన్నారు. దానికి ఏడాది జీతం ఇస్తారంట."

"అదృష్టవంతురాలివి. నాకు ఆ పని కూడా ఇవ్వలేదు." శలేష్ని రోటీలో బంగాళదుంప కూర పెట్టి చుట్టి కాగితంలో వేసింది. కెలెరా రెండున్నర డాలర్లు తీసి ఇవ్వబోతే చేతి మీద చిన్నగా కొట్టింది. "పెట్టుకో. మొన్న నసీనూలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకెళ్లా. అక్కడా బల్ల మీద అదే చిప్ప. మనుషులు లేరు. నన్ను ప్రశ్నలడిగింది అదే. 'మీరు ఎదుర్కొన్న ఇబ్బందిని ఒక చిన్న సంఘటనతో చెప్పండి' అంది. అది నా వాక్యం దీదీ. రేవు కూలీలను నేనడిగే వాక్యం. గొంతు ఒక్కటే మారింది."

"ఏం చెప్పావు మరి?"

"ఏం చెప్తాను. నా ఇబ్బంది నువ్వే అంటే బాగుంటుందా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు తొందరగానే అయిపోయింది. వెనక లారీ ఒకటి కిరసనాయిలు పీపాలతో గేట్లోకి తిరిగింది. గేటు మీద కొత్తగా బిగించిన కెమెరా ఆ పీపాల్ని లెక్కపెట్టుకుంది. కింద లెక్కల అట్ట పట్టుకున్న గుమాస్తా కూడా లెక్కపెట్టుకున్నాడు, ఈ వారానికి ఇంకా.

"నువ్వైతే ఏం చేస్తావు?" అంది కెలెరా.

"ఊరుకుంటా. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఊరుకోక ఏం చేస్తా?" శలేష్ని పెనం మీద రోటీ తిప్పింది. అది పొంగి, పగిలి, ఆవిరి వదిలింది. దాన్ని చూస్తూ మెల్లగా అంది. "మన రిపోర్టులన్నీ దానికి పెట్టమన్నప్పుడూ ఊరుకున్నా. మన నలుగురిలో ముందు ఆ కుర్రాణ్ని తీసేసినప్పుడూ ఊరుకున్నా. ఊరుకునే కదా ఇక్కడున్నా."

సాయంత్రం కొప్రా షెడ్డు వెనక గిన్నె దింపారు. ఇదివరకు ఇక్కడ కూర్చోవడం కెలెరా పనిలో భాగం. ఇప్పుడు ఆ గంటలకు జీతం లేదు. నల్ల చిప్ప ఉండగా కూర్చోవడమెందుకని ఆ పద్దు కొట్టేశారు. అయినా ఆమె వచ్చింది.

"రండి రండి, చదువుకున్న మరదలు గారు వచ్చారు, జరగండ్రా," అన్నాడు ఇసోవా. లసరుసా మామ కొడుకు. కెలెరా కంటే రెండేళ్లు పెద్ద. "నన్ను చేసుకోవే అంటే ఆఫీసు మొగుడు కావాలంది. ఆ మొగుడేమో ఆస్ట్రేలియాకి నారింజ కోతకెళ్లి, చెట్టెక్కి మళ్లీ దిగలేదు."

"నిన్ను చేసుకునుంటే నేనే చెట్టెక్కి దిగేదాన్ని కాదు బావా."

చుట్టూ ఉన్నవాళ్లు తొడలు చరుచుకున్నారు. లసరుసా మామ నవ్వలేదు. ఆయన కెలెరా అమ్మకు అన్న, రేవులో గుమాస్తాలకు పెద్ద. కొబ్బరి చిప్ప అందుకుని, ఒక్క గుక్కలో తాగి, ఆనవాయితీ ప్రకారం మూడుసార్లు మెల్లగా చప్పట్లు కొట్టి, మూతి తుడుచుకున్నాడు.

"ఆ నల్లదాని భాష విన్నావా?" ఇసోవా గొంతు లావు చేశాడు. "'రేవునందు పాటుపడువారలారా, ఆలకించుడి. మీ హస్తములకు విశ్రాంతి కలుగును.' మా పాదిరికి కూడా అంత భాష రాదు. బైబిల్ ఒక్కటే చదివినట్టుంది మన భాషలో."

"విశ్రాంతి ఎలాగూ కలుగుద్ది," అన్నాడొకతను. "చేతికి చిప్ప కూడా ఇస్తారు."

ఈసారి ఎవరూ గట్టిగా నవ్వలేదు.

"మామా," అంది కెలెరా. "పొద్దున ఎందుకు నోరు విప్పలేదు?"

లసరుసా గిన్నెలో నీళ్లు కలుపుతున్నవాడి చేతి కేసి చూశాడు.

"రాతూ చాప మీద కూచున్నాడు కదే."

"కుర్చీలో కూచునుంటే?"

"కుర్చీలో ఉంటే కంపెనీ మనిషి. రెండు మాటలు అనేవాణ్ని. చాప మీదికి దిగాక మా పెద్ద. ఆయన ముందు నోరెత్తితే రేపు నేను పోయాక మా దీవిలో నన్ను ఏ మట్టిలో పెడతారు?"

"ఇష్టం లేదని మాత్రం ఉంది కదా?"

"ఉందా అని అడుగుతావేంటే. గంటకు ఆరు డాలర్లు. ఓడ వచ్చినా రాకపోయినా వారం గంటలు వారానికి రాసేవాళ్లు. ఇక మీద ఓడ కట్టిన గంటలేనంట. అదీ ఫోన్ మోగితే. రెండుసార్లు ఎత్తకపోతే పేరు కొట్టేస్తారంట. మా ఇల్లు కొండ వెనక. అక్కడ ఫోన్ మోగాలంటే నేను మామిడి చెట్టెక్కి కూచోవాలి."

"తండ్రీకొడుకులం చెరో కొమ్మ," అన్నాడు ఇసోవా.

"అది రాసెయ్యవే," అన్నాడు లసరుసా. "ఎప్పుడూ రాసినట్టే. 'కొందరు సిబ్బంది ఇలా భావిస్తున్నారు' అని. ఆ కొందరెవరో ఏనాడూ నువ్వు చెప్పలేదు, వాళ్లడగలేదు."

"రాశాను మామా. కొట్టేసింది. మీ గొంతు కావాలంట. మీటింగ్‌లో, దాని ముందు, పేరుతో."

 దూరంగా ఓడ ఒకటి కొమ్ము ఊదింది.

"పేరుతో చెప్తే," అన్నాడు ఇసోవా, వెటకారం లేకుండా, "మొదట ఫోన్ మోగనిది ఆ పేరుకే." తర్వాత కెలెరా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరాదా మరి? నీ పేరెలాగూ అడుగుతారంటున్నావు."

"దాన్నెందుకు లాగుతావురా," లసరుసా కసిరాడు. "దాని ఇంట్లో ఆరుగురు తింటారు."

"మా ఇంట్లోవాళ్లు గాలి తింటున్నారా నాన్నా?"

 చిప్ప మళ్లీ తిరిగింది. కెలెరా వంతు వచ్చినప్పుడు ఆమె తాగి, చప్పట్లు కొట్టి, అడిగింది. "ఎవరైనా ఒక్కరు ముందు మాట్లాడితే, తర్వాత నువ్వు మాట్లాడతావా మామా?"

లసరుసా కనుబొమలు పైకెత్తి దించాడు. ఔనన్నమాట. వాళ్ల దీవిలో పిల్లలు మాటలకంటే ముందు అది నేర్చుకుంటారు.

"అది నల్ల చిప్పకు వినపడదు మామా," అంది కెలెరా.

ఇంట్లో అమ్మ గుమ్మంలో కూర్చుని కర్రపెండలం చెక్కుతోంది. కెలెరా పిల్లలిద్దరూ, చెల్లెలి పిల్లలిద్దరూ ఒక్క ఫ్యాను కింద పుస్తకాలు పరుచుకుని కొట్టుకుంటున్నారు. చెల్లెలు నాడీ అనే ఊళ్లో ఒక హోటల్లో గదులు తుడుస్తుంది, నెలకోసారి వస్తుంది, పంపగలిగింది పంపుతుంది. మిగతాదంతా కెలెరా జీతం. అద్దె, బియ్యం, డబ్బా చేపలు, బస్సు, అమ్మ మోకాళ్ల మందులు.

ఏడాది కాగితం సంగతి విని అమ్మ చెక్కుతున్న కత్తి ఆపి కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. "పెద్దింటివాళ్లు మరిచిపోరు," అంది. "కలప గురించి అడిగాడా? చూడు, ఇంకా అడుగుతున్నాడు."

"శుక్రవారం ఆయన మాటకు నేను అడ్డం చెప్పాల్సి రావచ్చమ్మా."

అమ్మకు ఆ వాక్యం అర్థం కాలేదు. అర్థం కాక నవ్వింది. "నువ్వా? చిన్నప్పుడు వాళ్ల గుమ్మం ముందు నించి నడవాలంటే మోకాళ్ల మీద పాకేదానివి. నేను పట్టుకుని లేపేదాన్ని." తర్వాత కూతురి మొహం చూసి నవ్వు ఆపింది. మళ్లీ చెక్కడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండా, "ఆ కాగితం పోతే ఎక్కడికెళ్తాం?" అంది.

కెలెరా స్నానాల గదిలోకెళ్లి కుళాయి తిప్పింది. బకెట్లో నీళ్లు పడుతుండగా, ఎవరికీ వినపడదని తెలిసి, 'లేదు రాతూ' అనబోయింది. రాలేదు. గొంతులో ఆ రెండు మాటలూ పక్కపక్కన నిలవలేదు. ఒకటి వస్తే రెండోది రావడం లేదు. ఇన్నేళ్లూ ఎంతోమంది కాదన్న మాటలు ఆమె కాగితం మీద పెట్టింది. అవేవీ ఆమె మాటలు కావు. ఆమె పేరు కింద ఏనాడూ ఒక అభిప్రాయం లేదు. ఉండకూడదనే ఆ ఉద్యోగంలో నేర్పారు. ఇంట్లోనూ అదే నేర్పారు. బకెట్ నిండి పొర్లిపోయాక కుళాయి కట్టేసింది.

శుక్రవారం ఆమె అందరికంటే ముందు వచ్చింది. చాపలు దులిపి పరిచింది. నల్ల చిప్పను మధ్యలో పెట్టింది. తర్వాత తన కుర్చీని ఎత్తుకొచ్చి, గుమాస్తాలు కూర్చునే వరసకు ఎదురుగా, గోడ దగ్గర వేసింది. దాని మీద తన కొత్త తువ్వాలు పరిచింది. మీటింగ్‌లో ఎవరు ఎక్కడ కూర్చుంటే ఎవరి నోరు తెరుచుకుంటుందో ఆమెకు తెలుసు. తనకు వచ్చిన విద్య అదే, తన చేతిలో మిగిలిందీ అదే.

గుమాస్తాలు వచ్చి కుర్చీని చూశారు. ఇసోవా ఆమె కేసి చూసి ఒక కన్ను చిన్నది చేశాడు. లసరుసా నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. గోడ మీది తెరలో ఆక్లండ్ మొహాలు మూడు, మైకు కట్టేసుకుని, కాఫీ తాగుతున్నాయి.

రాతూ మనోవా లోపలికి వచ్చాడు. కుర్చీని చూశాడు. తువ్వాలును చూశాడు. ఆ తర్వాత కెలెరాను చూశాడు. ఆయనకు అర్థమైందని ఆమెకు అర్థమైంది. ఒక్క క్షణం ఆయన చెయ్యి కుర్చీ వీపు మీద ఆగింది. కూర్చుంటాడేమో అనిపించింది. కూర్చోవాలని ఉందేమో అని కూడా అనిపించింది. తెరలో ఒక మొహం చెయ్యి ఊపింది. ఆయన కుర్చీని పక్కకు నెట్టి, చాప మీదికి దిగి, బాసింపట్టు వేసుకున్నాడు.

లసరుసా నడుము వంగిపోయింది. వరస మొత్తం తలలు దించింది.

రాతూ పాత మాటలతో, నేల పేరు, వంశం పేరు ఎత్తి మొదలుపెట్టాడు. కంపెనీ మాటలు ఆ తర్వాత వచ్చాయి. పైన రేకు కప్పు ఎండకు టపటపలాడింది. నల్ల చిప్ప చదివింది. కెమెరాలు, ఫోన్లు, గంటలు, తీసేసిన పనులు. మనుషుల పేర్లు లేవు.

"సమ్మతి లేనివారు ఎవరైనను ఉన్నయెడల ఇప్పుడు పలుకుడి," అంది.

పచ్చ దీపం కదలకుండా వెలిగింది. చాపల మీద వేళ్లు మాత్రం కదిలాయి. ఆ చప్పుడు ఎంత చిన్నదంటే, దీపానికి అది అందలేదు.

"అభ్యంతరములు లేవు. కెలెరా నైవాలు, నీవు వీరిని విచారించితివా? వీరు సమ్మతించిరన్నది సత్యమేనా?"

ఆమె తల దించుకునే ఉంది. ఊరుకుంటే చాలు. ఏడాది అద్దె, ఏడాది మందులు, ఫ్యాను కింద నాలుగు తలలు. ఊరుకోవడం ఆమెకు కొత్త కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఈ మనిషి ముందు ఊరుకుంటూనే ఉంది. ఈ గదిలో అందరూ అదే పని చేస్తున్నారు, అందరికంటే బాగా చేసినందుకు ఆమెకొక్కతికే జీతం.

"తులౌ రాతూ," అంది.

పెద్దల ముందు కదలాలన్నా, గొంతెత్తాలన్నా ముందుగా అనాల్సిన మాట అది. దీపం అదిరింది. రాతూ మనోవా తల ఎత్తలేదు.

"లేదు," అంది కెలెరా.  "వాళ్లు ఒప్పుకోలేదు."

"ఈ మాటకు రికార్డునందు ఆధారము లేదు. నీవు ఎవరి పక్షమున పలుకుచున్నావు?"

 ఆమె లసరుసా మామ వైపు చూడలేదు. చూస్తే ఆయన మాట మోసినట్టవుతుంది. మోసిన మాట ఇక చెల్లదు.

"నా పక్షముననే," అంది. "నా పేరు కెలెరా నైవాలు. ఇది నాకు సమ్మతం కాదు. దీనికి నా పేరు పెట్టను."

తెరలో మొహాలు ఒకదాని కేసి ఒకటి తిరిగాయి. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మైకు కట్టేసుకున్న సంగతి మరిచిపోయారు. రాతూ మనోవా ఏదో అంటాడని గది మొత్తం ఎదురుచూసింది.  ఆయన కుడిచేతి వేలు మోకాలి పక్కన చాపలో ఊడిన పోగొకటి వెతుక్కుని, దాన్ని మెల్లగా లోపలికి దూర్చడం మొదలుపెట్టింది.

"అభ్యంతరము ఒకటి. ఇంకను ఎవరైనను ఉన్నారా?"

అప్పుడు చూసింది వరస కేసి. ఇసోవా కనుబొమలు పైకి లేచాయి. అతని పక్కవాడివి లేచాయి. చివరిదాకా, ఒకరి తర్వాత ఒకరు, దించిన తలల కింద నుంచి ఆమెను చూస్తూ కనుబొమలు ఎగరేశారు. నల్ల చిప్ప అంచున దీపం చలనం లేకుండా వెలుగుతూనే ఉంది. అది ఎంతసేపు చూస్తుందో, తర్వాత ఏం రాసుకుంటుందో ఆమెకు తెలుసు.

లసరుసా మామ కనుబొమలు ఎగరేయలేదు. రెండు అరచేతులూ చాప మీద ఆనించి, ముందుకు వంగి, ఆ నల్లటి పరికరం కేసి చూస్తున్నాడు. 

ఆయన గొంతు సవరించుకున్నాడు.

పచ్చ దీపం ఒక్కసారి అదిరి, ఆగి, వింటోంది.